చవక మందుకు పవర్ ఉండదా?

"జనరిక్ రాయొద్దండీ, వాటికి పవర్ ఉండదంట!" ఈ మాట వినకుండా నా ఓపీ పూర్తయిన రోజు లేదు. పోనీ, ఆ ఖరీదైన మందైనా సరిగ్గా వాడతారా అంటే అదీ లేదు.

ఆ మధ్య ఒక టైలరు గారిని భార్య, కొడుకు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు. బీపీ 210/120. స్కాన్ తీశాం, అడ్మిట్ చేశాం, ప్రాణం దక్కింది. ఆ చెయ్యి మాత్రం మళ్లీ కత్తెర పట్టలేదు.

మందులేం వాడుతున్నారని అడిగితే ఆవిడ సంచిలోంచి షీటు తీసింది. టెల్మిసార్టాన్ అనే బీపీ మందు, పేరున్న కంపెనీది. "రేటెక్కువని రోజు విడిచి రోజు వేసుకుంటారండీ. అయినా మంచి కంపెనీదే కొంటాం" అంది, కాస్త గొప్పగానే. కోప్పడదామనుకున్నాను గానీ, ఆవిడ మొహం చూస్తే నోరు రాలేదు.

బీపీకి రోజు విడిచి రోజు సెలవుండదు. మందు లేని రోజు రక్తనాళాల మీద ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. ఆ షీటు వెనక్కి తిప్పి కొడుకు చేత చదివించాను. తయారీదారు ఒకరు, అమ్మేది మరొకరు! పైన పేరున్న కంపెనీ ఆ బిళ్లను చేయనే లేదు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన మందు అది. మనం బ్రాండు అని మురిసిపోతున్నదీ జనరిక్కే.

అమెరికాలో పది చీటీల్లో తొమ్మిదింటికి ఇచ్చేది జనరిక్ మందులే. వాటిలో మన హైదరాబాదు ఫ్యాక్టరీల్లో తయారైనవీ ఉన్నాయి. అక్కడి కొడుక్కి పనిచేసే బిళ్ల ఇక్కడి తండ్రికి పనిచేయదట!

తప్పంతా పేషెంట్లదే అననులెండి. జనరిక్ పేర్లే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది. నాణ్యతకు పూచీ ఎవరని డాక్టర్లమే గొడవ చేశాం. అదే నెలలో దాన్ని పక్కన పెట్టేశారు. నాణ్యత పరీక్షలో తప్పే మందులు ఉన్న మాట నిజమే. కానీ వాటిలో బ్రాండువీ ఉంటున్నాయి.

జనరిక్ మందులమ్మే జన ఔషధి దుకాణాలు 2008 నుంచి ఉన్నాయి. ధర సగానికి సగం, కొన్నిటికి అంతకన్నా తక్కువ. మామూలు షాపులో జనరిక్ కొంటే మాత్రం ఎమ్మార్పీ చూసి మోసపోకండి, బేరమాడండి. ఫిట్స్, థైరాయిడ్ మందులు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చొద్దు.

డబ్బు చాలకపోతే ఆ మాట సిగ్గుపడకుండా నాతో చెప్పండి, చవకది రాస్తాను. అంతేగానీ, మీ అంతట మీరు బిళ్ల మానేయకండి.