చప్పుడు వస్తే జబ్బు పోయినట్టేనా?

దిష్టి తీసి పెద్దవాళ్ళు కణతల దగ్గర మెటికలు విరుస్తారు. ఎంత చప్పుడైతే అంత దిష్టి పోయిందని లెక్క. ఈ లెక్కనే ఇప్పుడు తెల్లకోటు వేసి కైరోప్రాక్టిక్ పేరుతో అమ్ముతున్నారు. మెడనీ నడుమునీ ఒక్కసారిగా తిప్పి, టక్కుమనిపించి, "ఎముక సర్దుకుంది" అంటారు.

సర్దుకున్నది ఏమీ లేదు. కీళ్ళ మధ్య జిగురు ద్రవం ఉంటుంది. కీలుని గుంజగానే అక్కడ ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు వేలి కీలుని ఎమ్మారైలో పెట్టి లాగి, చప్పుడు ఆ క్షణానే వస్తుందని చూపించారు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు యాభై ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులకీ తేడా లేదని రాశాడు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఒక్క మనిషి లెక్క రుజువు కాదనుకోండి, ఓపికకి మెచ్చుకోవాలి!

దీనికి ఆద్యుడు డి.డి. పామర్, అయస్కాంత వైద్యుడు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఒక చెవిటివాడి వెన్నుపూసని నొక్కి వినికిడి తెప్పించానన్నాడు. వినికిడి నరం చెవి నుంచి నేరుగా మెదడుకి పోతుంది, వెన్నులోంచి కాదు. అయినా నూటికి 95 జబ్బులకి పూసలు తప్పడమే కారణమని పుస్తకమే రాశాడు.

నడుమునొప్పికి ఇది కొంత ఉపశమనం ఇస్తుంది, కాదనను. మామూలు వ్యాయామం ఇచ్చేంతే. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. రక్షణశాఖ లెక్కల్లో బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఒకరి ఖాతాలో పడాల్సింది ఇంకొకరికి జమ చేస్తే ఊరుకోను.

మెడ సంగతి వేరు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడపూసల రంధ్రాల గుండా పోతాయి. విసురుగా తిప్పితే, అరుదుగానైనా, లోపలిపొర చిరిగి, గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. క్షవరం చేసి ఉచితంగా మెడ విరిచే మంగలి చేతిలోనూ ఇదే ప్రమాదం.

మా ఖరగ్‌పూర్‌లో, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా బావమరిది మెడనొప్పికి పది సిట్టింగుల ప్యాకేజీ మాట్లాడుకున్నాడు. "వీడియోల్లో అందరూ లేచి నవ్వుతున్నారు బావగారూ" అన్నాడు.

"లేవలేనివాళ్ళని ఎవరు చూపిస్తారోయ్? కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందని వాళ్ళకి చెప్పావా?"

చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మెడలో నరం నొక్కుకుంటోందన్నాడు, ఎవరిచేతా తిప్పించుకోవద్దన్నాడు. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేస్తున్నాడు. ప్యాకేజీకి కట్టిన అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు. అడుగుదామంటే రసీదు కూడా ఇవ్వలేదు.