మర్నాటి పులుసు

ఏం సామీ, పొద్దుగూకినా ఇంకా ఫోన్లోనే ఉండారా? కాస్త ఇట్టా గోడ దగ్గరికి రండి. మా కృష్ణపట్నం పంచాయితీ ఒకటి చెప్పాల.

ఇందాక పోర్టుకు పోయే లారీ ఒకటి మా సందు మొదట్లో ఆగింది. డ్రైవరు టీకి దిగాడు, పాట మాత్రం ఆపలేదు. ‘మసక మసక’. ఇంకేముంది, మా ఇంట్లో రగడ మొదలు.

మా పెద్దమ్మ అరుగు మీద రొయ్యలు ఒలుస్తా ఉంది. తల తుంచి, పెంకు లాగి, గోటితో నల్లనరం తీసి గిన్నెలో పడేస్తా, “మా ఈశ్వరి పాట” అంది. లోపల్నించి మేనకోడలు, “కాదు, స్మితది!” అని అరిచింది. ఇద్దరిదీ నిజమే. చెప్పే ధైర్యం నాకేదీ? అందుకే మీ దగ్గరికొచ్చినా.

1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ వచ్చింది. ఎన్టీఆరూ కృష్ణా కలిసి చేసిన సినిమా. ఈ పాట అందులోదే. బాణీ రమేష్ నాయుడిది, గొంతు ఎల్.ఆర్. ఈశ్వరిది. ఏం గొంతు సామీ అది! ఆకూ వక్కా బుగ్గన పెట్టుకుని ఓరకంట చూసినట్టుంటుంది. ‘మరో చరిత్ర’లో మన నెల్లూరు బాలు పక్కన ‘భలే భలే మగాడివోయ్’ అందుకున్నదీ ఆమే. గుర్తుందా? లేదంటే మీతో మాట్లాడను.

ఆ బాలుగారి ‘పాడుతా తీయగా’లో పాడిన పిల్లే బెజవాడ స్మిత. అక్కడ పాడాక బుద్ధిగా సినిమా పాటల వరసలో నిలబడుంటే మనకీ కబుర్లు ఉండేవా? 2000లో ‘హాయ్ రబ్బా’ అంటా సొంత ఆల్బం తెచ్చింది. హిందీలో అలీషా చినాయ్ 1995లోనే ‘మేడిన్ ఇండియా’ అని ఊపేసింది గానీ, మనకు పాటంటే సినిమా పాటే కదా. సినిమా లేకుండా పాటేంది, హీరో లేకుండా డాన్సేంది?

తర్వాత ఆ పిల్ల పాతపాటల పెట్టె తెరిచింది. ‘మసక మసక’కు కొత్త దరువేసి వదిలింది. మా పెద్దమ్మ టీవీ ముందు ముక్కున వేలేసుకుంది. “ఆ ఊపేందే!” అని. ఈశ్వరి పాటలకు ఆమె చేటలో బియ్యం ఏ తాళంలో చెరిగేదో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అడిగితే చేట నా మీదికే వస్తుంది.

పాతపాట మళ్లీ పాడితే ఎంగిలి అంటారు కొందరు. వాళ్లు నెల్లూరు చేపల పులుసు తిన్నవాళ్లు కాదని రాసిస్తా. పొయ్యి మీంచి దించగానే తింటారా ఎవరైనా? రాత్రి మట్టిచట్టిలో వదిలేస్తే మామిడికాయ ముక్క పులుపంతా చేపకు పట్టుద్ది. మర్నాడు చూడాల దాని సంగతి!

ఇంకో చోద్యం వినండి. ఇంత గడుసు పాటలు పాడిన ఈశ్వరి పుట్టింది క్రైస్తవుల ఇంట. తమిళనాట ఆడి మాసమొస్తే గుడి మైకుల్లో మారెమ్మ పాటలు ఆమె గొంతులోనే మోగుతాయి. డెబ్బై దాటాక, 2011లో, ‘ఒస్తి’ సినిమాకొచ్చి మళ్లీ కుర్రకారును ఆడించింది. స్మితేమన్నా తక్కువా? శివుడి మీద ‘ఈశాన’ అని ఆల్బం చేసింది. ‘బాహుబలి’ కాలకేయుల కిలికి భాషలో కూడా పాడేసింది. అర్థం అడక్కండి. మా మేనకోడలికి మొత్తం నోటికొచ్చు, పదో ఎక్కం మాత్రం రాదు.

ఏం చెప్తుండా? ఆఁ, లారీ. డ్రైవరు టీ తాగి, ఎక్కి కూచుని బండి తీశాడు. పాట సగంలో ఉండగానే పోర్టు దారి పట్టింది.

పెద్దమ్మ చేతిలో రొయ్య అట్టాగే ఆగిపోయింది. “వాణ్ణి ఆపండ్రా!” అని ఒకటే కేక.

“నీ ఈశ్వరి కాదుగా, అది స్మిత పాడింది” అన్నా.

“ఎవురైతే ఏందిరా, చరణం మిగిలుండాది!”