లెస్టరుకు పంపిన దూది

మా పూర్వులు దూదేకులవారు. ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులకూ దిండ్లకూ కూరి బ్రతికిన కుటుంబం మాది. నమాజు చదువుకుంటాము, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాము. ఈ రెండూ ఒకే ఇంట ఉండడం మాకు ఏనాడూ వింతగా తోచలేదు గాని, నేను ఎం.ఏ.కు తెలుగు తీసుకున్నప్పుడు తోటి విద్యార్థులకు కొంత వింతగానే తోచింది. ఆ సంగతి మరెప్పుడైనా వ్రాస్తాను. ఈ ఏటి సంచికకు ప్రబంధ కవిత్వంపై ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదక మిత్రులు కోరారు. వ్రాయడానికి కూర్చున్నమాట నిజమే. కాని రెండేళ్లుగా మనసులో నలుగుతున్న వేరొక విషయం కలానికి అడ్డుపడింది. అది దూదికి సంబంధించినది, ఒక సన్నని తీగకు సంబంధించినది, నేను ఆడిన రెండు అబద్ధాలకు సంబంధించినది. ప్రబంధాలకోసం ఎదురుచూసిన పాఠకులు నన్ను మన్నింతురుగాక.

నా బాల్యం చిలకలూరిపేటలో గడిచింది. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఊరి చుట్టూ ఒకవైపు ప్రత్తి, మరొకవైపు పొగాకు. మా నాయనమ్మ విల్లు పట్టి దూది ఏకడం నేను చూడలేదు. నేను పుట్టేనాటికే యంత్రాలు వచ్చి ఆ వృత్తిని చాలవరకు మింగివేశాయి. ఆమె చేతిలో మిగిలింది వత్తులు చేయడమొక్కటే. ఏకిన దూదిని వేళ్లతో మెల్లగా సాగదీసి, పోచలన్నీ ఒకే దిక్కుకు సవరించి, మోకాలిమీద పెట్టి అరచేత్తో ఒక్క త్రిప్పు త్రిప్పేది. అంతే, వత్తి తయారు. బిగించి పేనితే "గొంతు నులిమినట్టు, నూనె ఎక్కదురా" అనేది. వదులుగా పేనితే చిమ్నీకి మసి పడుతుందనేది. కార్తీకమాసం వచ్చిందంటే మా వీధిలోని అమ్మలక్కలు ఆమె వత్తులకోసం మా గుమ్మంలో నిలబడేవారు. వారి వద్ద ఆమె డబ్బు తీసుకునేది కాదు, మారుగా బెల్లం తీసుకునేది.

నాన్నగారు వత్తుల స్టవ్వులు, లాంతర్లు, పెట్రోమాక్సు దీపాలు బాగుచేసేవారు. కిరోసిన్ వాసన, సిగరెట్టు వాసన కలిసిన ఆ చొక్కాయే నాకు తెలిసిన నాన్న. దుకాణంలో కిరోసిన్ డబ్బాల నడుమ కూర్చుని సిగరెట్టు కాల్చే మనిషిని చూసి బేరానికి వచ్చినవారే బెదిరేవారు. ఆయన మాత్రం నవ్వేవారు. అగ్ని ఆయనను ఏమీ చేయలేదు. పొగ చేసింది. 2011 చలికాలంలో, యాభై ఎనిమిదవ ఏట, ఆక్సిజన్ సిలిండరు ప్రక్కన కూర్చుని, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే నిద్రపోవడానికి ప్రయత్నిస్తూ వెళ్లిపోయారు. అప్పటికి మా తమ్ముడికి పదిహేడేళ్లు. ఆనాటికే వాడు దొంగచాటుగా సిగరెట్లు కాలుస్తున్నాడని తెలిసినది నాకొక్కడికే.

తమ్ముడు 2017లో పై చదువుకు ఇంగ్లండు వెళ్లి, లెస్టరు నగరంలో ఉద్యోగం చూసుకుని అక్కడే స్థిరపడ్డాడు. 2023 వసంతంలో వాడికి కొడుకు పుట్టాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అంతదూరం ప్రయాణం చేయలేదు. కనుక వేసవి సెలవులలో బిడ్డను చూడడానికి నేను బయలుదేరాను. ప్రయాణానికి వారం ముందు వాడు ఫోనులో అమ్మను ఒక విచిత్రమైన కోరిక కోరాడు.

"అమ్మా, నాయనమ్మ వత్తులకు వాడేటటువంటి శుభ్రమైన దూది కాస్త అన్నయ్యచేత పంపించు."

"అక్కడ దూదితో నీకేం పనిరా?"

"దీపం పెట్టుకుందామని."

"లండన్‌లో కూడా కరెంటు పోతుందా?" అని అమ్మ ఆశ్చర్యపడింది. అమ్మ దృష్టిలో ఇంగ్లండు అంతా లండనే. అయినా గింజ తీసిన దూదిని రెండు రోజులు కూర్చుని నలకలేరి, పోచలు సవరించి, తెల్లని పంచెగుడ్డలో మూట కట్టి నా పెట్టె అడుగున పెట్టింది. నాలుగు వత్తులు నమూనాగా చేసి అందులోనే ఉంచింది.

లెస్టరు చేరిన రెండవనాటి రాత్రి ఆ దీపమేదో నాకు తెలియవచ్చింది. భార్యాబిడ్డలు నిద్రించిన తరువాత వాడు వంటింటి బల్లమీద ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక పట్టకారు, తీగచుట్ట, విద్యున్నిరోధం కొలిచే మీటరు పరచి, నడుమ ఒక ఎలక్ట్రానిక్ సిగరెట్టు పెట్టాడు. "2021లో సిగరెట్లు మానేశాను, అన్నా. ఇదే మాన్పించింది" అన్నాడు. ఆ దేశంలో అది చట్టసమ్మతమే. ఆ పరికరంలోని కాయిల్ వారం పదిరోజులకు మాడిపోతుంది, క్రొత్తది కొనాలి. కొనకుండా తీగను తానే చుట్టి, వత్తిని తానే వేసుకునేవారు కొందరున్నారు. మా వాడు ఆ కోవకు చెందినవాడని ఆ రాత్రి తెలిసింది. స్టవ్వులు బాగుచేసినవారి కొడుకు కదా!

వాడు చేసిన పని కొంచెం వివరంగా చెబుతాను. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతల్ అనే మిశ్రలోహపు తీగ, మందం మిల్లీమీటరులో మూడవవంతు కూడా ఉండదు. దానిని రెండున్నర మిల్లీమీటర్ల కడ్డీమీద ఆరు చుట్లు చుట్టి, రెండు కొసలనూ రెండు మరల క్రింద బిగించాడు. మీటరులో నిరోధం సుమారు 1 ఓం చూపింది. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ 4.2 వోల్టులు, కనుక 4 ఆంపియర్లకు పైచిలుకు విద్యుత్తు. చుట్లు తగ్గించి, తీగ లావు చేసి, నిరోధాన్ని 0.2 ఓంకు దించితే అదే బ్యాటరీ నుంచి 21 ఆంపియర్లు లాగవలసివస్తుంది. తట్టుకోలేని బ్యాటరీ జేబులోనే పేలవచ్చును. మీట నొక్కగా తీగ నడిమిచుట్టు నుంచి అంచులకు ఎర్రబారుతూ వచ్చింది. ఆ ఎరుపు చూసి ఒక్క క్షణం నాకు నాన్నగారి దుకాణం కళ్లముందు నిలిచింది.

పిదప అమ్మ మూట విప్పి, ఒక వత్తిని ఆ చుట్ల నడుమ దూర్చి, కొసలు కత్తిరించి, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్ కలిసిన ద్రవాన్ని దానిపై చుక్కలుగా వేశాడు. చుక్కలు దూదిమీద ముత్యాలవలె నిలిచాయేగాని లోనికి ఇంకలేదు. తొందరపడి మీట నొక్కాడు. దూది మాడింది. గది అంతా కాలిన గుడ్డ కంపు. వాడు దగ్గుతూ కిటికీ తెరిచాడు. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే.

"అమ్మ దూదిలో తప్పేముంది, అన్నా? నాయనమ్మ దీపాలు వెలిగేవే!"

తప్పు దూదిలో లేదు. ప్రత్తిపోచపై సహజంగా ఒక పలుచని మైనపు పొర ఉంటుంది. అది నూనెకు చుట్టం, నీటికి పగ. అందుకే నాయనమ్మ దూదిని ఎన్నడూ ఉడకబెట్టలేదు. ఆముదమైనా కిరోసినైనా ఆ పోచల వెంట సులువుగా ప్రాకేది. గ్లైకాల్, గ్లిజరిన్ నీటి జాతికి చెందినవి, వాటికి ఆ మైనం అడ్డు. ఆసుపత్రిలో గాయాలకు వాడే దూదిని క్షారంలో ఉడికించి మైనం పోగొట్టేది ఇందుకే. మర్నాడు మేమిద్దరం అమ్మ దూదిని చాకలిసోడా వేసిన నీటిలో గంటసేపు ఉడికించి, మూడుమార్లు వేడినీటితో జాడించి, కిటికీ ప్రక్కన ఆరబెట్టాము. ముందు గిన్నెలోని నీటిమీద తేలిన దూదిపింజ ఇప్పుడు చూస్తూండగానే మునిగిపోయింది. ఆ రాత్రి క్రొత్త వత్తిని తీగచుట్టలో దూర్చేటప్పుడు పట్టకారుతో రెండవ కొస పట్టుకున్నది నేనే. లాగితే తీగ కదలకూడదు, దూది మాత్రం కొంచెం బిగువుగా జరగాలి. "బిగిస్తే గొంతు నులిమినట్టు" అని వాడికి చెప్పినదీ నేనే.

దీపంలోనైనా అందులోనైనా నియమం ఒక్కటే. వత్తి తడిగా ఉన్నంతసేపు కాలదు. దీపంలో నూనె కాలుతుంది, ఇందులో ద్రవం ఆవిరి అవుతుంది. ఆ పనిలోనే వేడి ఖర్చైపోతుంది గనుక వత్తి బ్రతుకుతుంది. ద్రవం అందనప్పుడే దూది మాడుతుంది. అప్పుడు గ్లిజరిన్ కూడా విరిగి ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ వంటి విషాలు పుడతాయి.

ఆ రాత్రి మేమిద్దరం వాదించుకున్నాము. "మానలేదురా నువ్వు, వత్తి మార్చావు, అంతే" అన్నాను. వాడు కోపగించుకోలేదు. 2003లో ఈ పరికరాన్ని రూపొందించిన హోన్ లిక్ అనే చైనా ఔషధ శాస్త్రజ్ఞుని కథ చెప్పాడు. ఆయన తండ్రి కూడా ధూమపాయి, ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడట. పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడు ఇందులో దాదాపు ఉండవనీ, ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 6కు దించి, ఇప్పుడు 3కు వచ్చాననీ లెక్క చెప్పాడు. చివరికి, "నాన్నకు ఇది దొరికి ఉంటే ఏమయ్యేది, అన్నా?" అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు. మా ఊరి రెండు పంటలూ ఆ బల్లమీద గోరంత గిన్నెలో కలిసి ఉన్నాయి. ప్రత్తి వత్తిగా, పొగాకు ఆ ద్రవంలోని నికోటిన్‌గా.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, "దూది పనికివచ్చిందా? దీపం బాగా వెలిగిందా?" అని. "బాగా వెలిగిందమ్మా" అన్నాను. ఇది మొదటి అబద్ధం.

రెండవది ఈ కళాశాలలోనే ఆడాను. గత విద్యాసంవత్సరంలో మన విద్యార్థి ఒకరి వద్ద అటువంటి పరికరం దొరికింది. రంగురంగుల కలమువలె ఉన్నది, అయిపోగానే పారవేసే రకం. మన దేశంలో 2019 చట్టం వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను నిషేధించింది. అయినా ఎక్కడినుంచో వస్తున్నాయి. తరగతి అధ్యాపకునిగా నన్నూ విచారణకు పిలిచారు. పదిహేను రోజులు కళాశాలకు రావద్దన్నారు, ఆ శిక్షతో నాకు పేచీ లేదు. విచారణ ముగిసిన తరువాత వరండాలో ఆ కుర్రవాడు నా వెంట వచ్చి, "ఆవిరే కదా సార్, ఇందులో ఏముంటుంది? మీకు దీని సంగతి తెలుసా?" అని అడిగాడు. గేలి చేయడానికి కాదు, నిజంగానే అడిగాడు. పట్టకారుతో వత్తి పట్టుకున్న ఈ చేతిని జేబులో పెట్టుకుని, "నాకేం తెలుసు, అటువంటివి నేనెందుకు చూస్తాను?" అన్నాను. గౌరవం కాపాడుకున్నాననుకున్నాను. అడిగినవానికి తెలిసిన విషయం చెప్పడమే కదా నాకు జీతమిచ్చే పని!

అందుచేత ఇప్పుడు చెబుతున్నాను, నాయనా. అది నీటి ఆవిరి కాదు. అందులోనూ ఒక తీగ, ఒక వత్తి, ఒక బ్యాటరీ ఉంటాయి. ద్రవం ఎంత మిగిలిందో, దూది ఎప్పుడు మాడనున్నదో నీకు కనిపించదు. నిషేధించిన సరుకు గనుక అందులో ఏమి కలిపారో చూసేవారు కూడా లేరు. నీవు ఏనాడూ సిగరెట్టు ముట్టలేదని నీవే చెప్పావు. మా తమ్ముడు దిగివస్తున్న మెట్టుమీద నీవు ఎక్కుతున్నావు. వాడు 12 నుంచి 3కు రావడానికి రెండేళ్లు పట్టింది, ఇంకా అక్కడే ఉన్నాడు. వాడుండే దేశమే పారవేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి అమ్మకూడదని నిషేధించింది. చెత్త పెరిగిందనీ, పిల్లలు మరిగారనీ అక్కడివారు చెప్పిన కారణాలు. ఇంకా ఏమైనా అడగదలచుకుంటే నా గదికి రావచ్చును. తీగ ఎలా ఎర్రబడుతుందో, దూది ఎందుకు మాడుతుందో బొమ్మ గీసి చూపిస్తాను. ఈసారి తెలియదని అనను.

విచారణ సంఘంవారికి కూడా ఒక మనవి. ఇకమీదట ఇటువంటిది దొరికినప్పుడు, బల్లమీద పెట్టి చూసి బీరువాలో తాళం వేసే ముందు, అది ఎలా పనిచేస్తుందో భౌతిక, రసాయనశాస్త్ర అధ్యాపకులచేత పిల్లలందరికీ ఒక గంట పాఠం చెప్పించండి. ఆ రోజు సంఘంలో ఈ మాట అనవలసినవాడను నేనే, అనలేదు.

ఇక మిగిలింది అమ్మ. అమ్మకు చదువురాదు. ప్రతి ఏటా ఈ సంచికలో నేను వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించడం మా ఇంట ఆనవాయితీ. ఈసారి అచ్చుకు ఇచ్చేముందే చదువుదామని తమ్ముడికి ఫోను చేసి అనుమతి అడిగాను. వాడు చాలాసేపు ఊరకుండి, "చదువు, అన్నా" అన్నాడు. మొన్న ఆదివారం సాయంత్రం చదివాను. వంటింటి గడప దగ్గర కూర్చుని, బియ్యంలో రాళ్లేరుతూ విన్నది. నాన్నగారి మాట వచ్చినచోట చేయి ఆగింది. తన దూది మాడినచోట మాత్రం, "సోడా వేసి ఉడకబెట్టాలని ముందే చెబితే నేనే ఉడికించి పంపేదాన్నిగా" అన్నది. అంతా అయిన తరువాత చాట ప్రక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"మూడు అన్నావే, అది సున్న ఎప్పుడవుతుందట?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్లుగా లెస్టరుకు పంపాను. ఈ ప్రతి అచ్చుకు వెళ్లేనాటికి జవాబు రాలేదు.