వెనక సీటులో తెలుగు

కారు కొనబోయేవారు మొదట అడిగేది లీటరుకు ఎంత దూరం వస్తుందని. ఆ తర్వాత ఏసీ సంగతి. లోపల కూర్చున్నవాళ్ళకు ఒకరి మాట ఒకరికి వినపడుతుందా అని అడిగిన మనిషి నాకింతవరకూ తారసపడలేదు. మన రంగూనులో (పిల్లలు యాంగోన్ అంటారు, నా నోటికి రంగూనే అలవాటు) ఆ ప్రశ్న మరీ అవసరం. 2011 తర్వాత దిగుమతి నిబంధనలు సడలడంతో జపాను పాత కార్లు వెల్లువగా వచ్చిపడ్డాయి. టాక్సీలవాళ్ళూ, చిన్న సంసారాలవాళ్ళూ ఎగబడి కొన్నది టొయోటా ప్రోబాక్స్. గట్టి బండే, సందేహం లేదు. అయితే జపానులో దానికి ముఖ్యమైన పని దుకాణాల సరుకు మొయ్యడం. సరుకుకు చెవులుండవు గదా! అందుకని వెనక భాగంలో మెత్తటి సరంజామా తక్కువ, ఒట్టి రేకు ఎక్కువ. మా ఇంట్లో ఉన్నదీ అదే.

ఆదివారాల్లో బాగో దగ్గర మా మేనమామగారి ఊరికి వెళ్తుంటాం. బాగో అంటే పెద్దలు పెగూ అనే ఊరే. మా అమ్మకు ఎనభై దాటాయి. వెనక సీటులో ఇద్దరు మనవల మధ్య కూర్చుంటుంది. ఊళ్ళో ఉన్నంతసేపూ బండి నత్తనడక కాబట్టి మాటలు బాగానే సాగుతాయి. టౌక్చాన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధపు సైనికుల శ్మశానం కనపడగానే ఆమెకు కథ మొదలవుతుంది. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డప్పుడు ఆమె చంటిపిల్ల. వాళ్ళ నాన్న రేవు దగ్గర లాంచా లాగేవాడు. ఆ రోజుల్లో ఇక్కడ లాంచా లాగేవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. కోరంగి రేవు పేరుతో అందరినీ కోరంగీలని పిలిచేవారు. లక్షలమంది కాలినడకన ఇండియా దారి పట్టిన ఆ రోజుల్లో ఆయన మాత్రం పెళ్ళాం పిల్లల్ని పెగూ పక్క పల్లెకు చేర్చి దాచాడు. ఎవరు దాచనిచ్చారు, ఏం తిన్నారు అన్నది అమ్మ వాళ్ళమ్మ దగ్గర విన్న కథ. అది మా ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కదానికే తెలుసు.

చిక్కేమిటంటే, రోడ్డు ఖాళీ అయి బండి వేగం అందుకునేదీ సరిగ్గా అక్కడే. వెనక నుంచి 'గూ...' మని హోరు లేచేది. చిన్నవాడు "బాలే?" అని బర్మాలో అడిగేవాడు. అమ్మ ఇంకోసారి చెప్పేది. మళ్ళీ "బాలే?" మూడోసారి ఆమె కిటికీ వైపు తిరిగేది. పోనుపోను టౌక్చాన్ దాటితే మాట్లాడటమే మానేసింది.

ముసలావిడకు చెవుడు వచ్చిందని చుట్టాలు తేల్చేశారు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, వయసుకు తగ్గట్టు సన్నటి శబ్దాలు కొంచెం తగ్గాయి తప్ప ఇంకేమీ లేదన్నారు. ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంది తిరకాసంతా. అచ్చులు లావుగా వినపడతాయి. ఏ మాటో పోల్చి చెప్పేవి మాత్రం స, త, క లాంటి హల్లులు. అవి అసలే పీలగా ఉంటాయి. హోరు ముందు వాటినే మింగేస్తుంది. మరి పిల్లల చెవులు నిక్షేపంగా ఉన్నాయి గదా, వాళ్ళకెందుకు అర్థం కాలేదంటారా? మా పిల్లలకు బడీ ఆటా అన్నీ బర్మాలోనే. బర్మా మాటలో సగం రొదలో కొట్టుకుపోయినా మిగతా సగం మనసులోనే పూరించుకుంటారు. తెలుగులో వాళ్ళకు ఆ నిల్వ లేదు. తక్కువగా వచ్చిన భాషను రొదలో వినడం ఎక్కువ కష్టమని శాస్త్రజ్ఞులూ పరీక్షించి చెప్పారు. కారులో మనం బర్మాలో మాట్లాడుకుంటే ఇబ్బందేమీ ఉండదు. మునిగిపోయేది మామ్మ తెలుగే. ఇది తెలిశాక ఈ రోగానికి వైద్యం షెడ్డులోనే అనుకున్నాను.

గాలి టైరు పుట్టిందే కుదుపు తగ్గించడానికి. బెల్‌ఫాస్టులో పశువైద్యం చేసుకునే జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్నది కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసిన ప్రయత్నానికే. అలాంటి టైరే ఇప్పుడు హోరుకు మూలం. గంటకు యాభై కిలోమీటర్లు దాటితే మామూలు కారులో ఇంజను కన్నా టైర్లదే పైచెయ్యి.

మా పేటలో ఒక మేస్త్రీ ఉన్నాడు, అందరూ సయా అంటారు. చాలామంది మేస్త్రీలు బండి వినకముందే సామాను చీటీ రాస్తారు. ఈయన ముందు వెనక సీటులో కూర్చుని, నన్ను నడపమన్నాడు. ఖాళీ రోడ్డు మీద అరవై దగ్గర గేరు న్యూట్రల్లో వెయ్యమన్నాడు. ఇంజను తగ్గింది, హోరు తగ్గలేదు. అంటే ఇంజనూ సైలెన్సరూ నిర్దోషులు. నున్నటి తారు మీద నుంచి గరుకు కాంక్రీటు మీదికి వెళ్ళాం. హోరు మారింది. అది టైరు పని. కానీ దాని అడుగున ఇంకో మూలుగు ఏ రోడ్డు మీదైనా ఒకేలా ఉంది. స్టీరింగు కొద్దిగా ఎడమకు తిప్పితే పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. ఎడమకు తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. షెడ్డులో జాకీ పెట్టి కుడి ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి స్ప్రింగు మీద పెట్టమన్నాడు. ఇసుక నూరినట్టు సన్నటి వణుకు అరచేతికి తెలిసింది. బేరింగు పోయింది.

కుడిదే ఎందుకు పోయిందంటే సయా నవ్వి, 1970 కథ చెప్పాడు. ఆ ఏడాది డిసెంబరు 6న ఈ దేశంలో బండ్లన్నీ ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారాయి. జపాను బండికి స్టీరింగూ కుడి పక్కే. కాబట్టి డ్రైవరు కూర్చునేది రోడ్డు అంచున. ఎదుటి బండికి దారి ఇవ్వాలంటే కుడి చక్రం మట్టిలోకి, కాలువ మూతల మీదికి దిగాలి. తన షెడ్డుకు కుడి చక్రాలే ఎక్కువ వస్తాయని ఆయన మాట. డ్రైవరు కుడి చెవీ ఆ పక్కే ఉంటుంది, అది వేరే కథ.

తర్వాత టైర్లు. టైరు పక్కన డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మావి చూస్తే బండితో పాటే ఓడ దిగాయా అనిపించింది. రబ్బరు రాయిలా గట్టిపడింది. అరచేత్తో నిమిరితే ఒక వైపు నున్నగా, తిప్పి నిమిరితే రంపంలా ఉంది. చక్రాలు వంకరగా నిలబడితే వచ్చే అరుగుదల అది. ఒక్కో రంపపు పన్నూ రోడ్డుకు కొట్టుకుంటూ పోతుంది. ఎలైన్‌మెంటు చేయించకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. గాలి కూడా అంతే. తలుపు స్తంభానికి అంటించిన కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే పట్టించాలి. "బరువు మోస్తారుగా" అని గాలి కొట్టే కుర్రాడు ఇంకో పది పట్టిస్తే, డన్‌లప్ కష్టం వృథా.

బేరింగు, ఎలైన్‌మెంటు, టైర్లతోనే హోరు చాలా దిగింది. మిగిలినది సందుల పని. తలుపు రబ్బరుకు మధ్యలో వెయ్యి చాట్ల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. బిగుతుగా వస్తే మంచిదే. వెన్నలో నుంచి లాగినట్టు వచ్చిందా, ఆ సందులో నుంచే రొద వస్తోంది. మా బండికి వెనక తలుపు రబ్బరు అలా ఉంది. అడుగు రేకులో రెండు రబ్బరు బిళ్ళలు ఊడిపోయాయి. కుడి మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగు అసలు లేనే లేదు. వీటికయిన ఖర్చు ఒక టైరు ఖరీదు కూడా లేదు.

రేకుకు అంటించే బ్యూటైల్ రబ్బరు షీట్ల సంగతి ఆఖర్న చెప్పడానికి కారణం ఉంది. సామాను దుకాణాల్లో మొదట అంటగట్టేది వీటినే, అదీ బండంతా. వెనక చక్రాల గూళ్ళ మీద వేలితో కొట్టి చూడండి. 'ణంగ్' అన్న చోట రేకు నడుమ అంటిస్తే చాలు. పావు వంతో మూడో వంతో కప్పినా 'దబ్' మంటుంది. అయితే ఈ షీటు రేకు వణుకునే ఆపుతుంది, సందులోంచి వచ్చే రొదను ఆపదు. చవక అని ఇంటి కప్పుకు వేసే తారు షీటు అంటిస్తే ఏప్రిల్ ఎండకు కరిగి కంపు కొడుతుంది. నీళ్ళు పీల్చే స్పంజి అసలు వద్దు. ఏడాదికి రమారమి 2,700 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరు మనది. తడిసిన స్పంజి కింద రేకు చిల్లులు పడుతుంది. తలుపు అడుగున నీళ్ళు జారే కన్నాలు మూసినా అంతే.

ఫోనులోని శబ్దం కొలిచే యాప్ అసలు లెక్క ఎంతో కచ్చితంగా చెప్పలేదు గానీ, ముందుకూ వెనక్కూ తేడా చూపిస్తుంది. ఒకే రోడ్డు, ఒకే వేగం మీద అయిదారు డెసిబెల్లు తగ్గింది. పది తగ్గితే చెవికి సగమైనట్టు ఉంటుందంటారు. మాకు సగం కాలేదన్నమాట. కొత్త కారంత నిశ్శబ్దం ఈ బండిలో ఎన్నటికీ రాదు.

ఆ తర్వాతి ఆదివారం టౌక్చాన్ దాటాక నేను అలవాటు కొద్దీ ముందు నుంచి కేకేశాను. "ఎందుకురా అలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అంది అమ్మ. పల్లెకు చేరిన కథ మళ్ళీ మొదలైంది. వాళ్ళ నాన్న లాంచాలోనే పిల్లల్నీ సామానునూ కూర్చోబెట్టి లాక్కుపోయాడట. ఆ ముక్క నేనెప్పుడూ వినలేదు. చిన్నవాడు తెలుగులోనే అడిగాడు: "ముత్తాతకి చెప్పులున్నాయా మామ్మా?"

"లేవు నాన్నా."

"రోడ్డు కాలదా?"

ఆ జవాబు బాగో చేరేదాకా సాగింది.

పెద్ద హోరు పోయాక చిన్న చప్పుళ్ళు బయటపడ్డాయి. వెనక జాకీ గలగలమంటోంది, దానికి పాత లుంగీ గుడ్డ చుట్టాను. ఎడమ తలుపు దగ్గర 'టిక్కు టిక్కు' మనేది మాత్రం ఇంకా దొరకలేదు. ఈ ఆదివారం పెద్దవాణ్ణి ఆ పక్క కూర్చుని చెవి పెట్టి ఉండమన్నాను.