పాసులు కూడా లెక్కేస్తే

మా హాస్టల్‌లో గొడవలు రెండు రకాలు. ఒకటి మెస్ సాంబారు గురించి, రెండోది "ఎవడు గొప్ప" అన్నదాని గురించి. సచినా కోహ్లీనా, మెస్సీనా రొనాల్డోనా, ఇవి అన్ని హాస్టళ్లలో ఉండేవే. కానీ పోయిన సెమిస్టర్ ఇంటర్నల్స్ ముందు రాత్రి మా గదిలో జరిగిన గొడవ ఐస్ హాకీ వింగర్ల మీద. బాల్కొండ నుంచి వచ్చిన మనిషి ఈ విషయం మీద రాత్రి రెండింటి దాకా గొంతు చించుకోవడం బహుశా అదే మొదటిసారి.

తప్పు మా రూమ్మేట్‌ది. వాడిది భీమవరం. వాళ్లన్న కెనడాలో ఎంఎస్ చేస్తూ మ్యాచ్ వీడియోలు పంపిస్తుంటాడు. అవి చూసి చూసి వీడికి పిచ్చి పట్టింది. "చరిత్రలో టాప్ వింగర్లు ఎవరో లిస్టు రాద్దాం రా" అంటూ సిగ్నల్స్ నోట్స్ వెనక పేజీ చింపాడు. ఐస్ అంటే నాకు తెలిసింది ఎండాకాలం బండి మీద గీకి, రంగునీళ్లు పోసి ఇచ్చే గోలా ఒక్కటే. అయినా వింగర్ అనే మాట చెవిన పడగానే లేచి కూర్చున్నా. నేనూ వింగర్‌నే. అంటే, ఒకప్పుడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఐస్ హాకీలో ఒక జట్టు నుంచి మంచు మీద ఆరుగురుంటారు. గోలీ, ఇద్దరు డిఫెండర్లు, మధ్యలో సెంటర్, అతనికి అటొకడు ఇటొకడు వింగర్లు. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. చుట్టూ చెక్క గోడ. వింగర్ బతుకంతా ఆ గోడ పక్కనే. అవతలివాడు వచ్చి గోడకేసి గుద్దుతాడు, అయినా బిళ్ల వదలకూడదు.

మా వాడి లిస్టులో మొదటి పేరు ఒవెచ్కిన్. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి, గ్రెట్జ్కీ పేరు మీదున్న 894 రికార్డు దాటాడు. గ్రెట్జ్కీ సెంటర్ కాబట్టి మన లిస్టులోకి రాడు. "ఇంక మాట్లాడేదేముంది? వింగర్ అంటే ఒవెచ్కినే" అన్నాడు వాడు. తర్వాత మారిస్ రిచర్డ్, 1944-45 సీజన్‌లో 50 మ్యాచుల్లో 50 గోల్స్ కొట్టినవాడు. తర్వాత మైక్ బాసీ. వరసగా తొమ్మిది సీజన్లు, ప్రతిసారీ 50 దాటించాడు. నడుము నొప్పి ఆపేసింది కానీ, ఆడిన 752 మ్యాచుల్లోనే 573 గోల్స్. మన బ్రాంచ్‌లో వరసగా తొమ్మిది సెమిస్టర్లు టాపర్‌గా ఉన్నవాణ్ని ఊహించుకోండి. (ఉన్నవి ఎనిమిదేగా అనకండి. మా సీనియర్ ఒకాయన ఇప్పుడు పన్నెండోది చదువుతున్నాడు.)

నేను గోర్డీ హోవ్ అన్నాను. ఆ పేరు అప్పుడే వాడి ఫోన్‌లో చూశాను, అది వేరే సంగతి. 801 గోల్స్. 1979-80లో, 51 ఏళ్లు దాటాక, తన ఇద్దరు కొడుకులతో కలిసి ఒకే జట్టులో 80 మ్యాచులూ ఆడాడు. మన దగ్గర ఆ వయసుకి తండ్రి గట్టు మీద నిలబడి కొడుకుని తిడుతుంటాడు.

అప్పుడే ఆ ఫోన్‌లో గోల్స్ పక్కన ఇంకో గడి కనిపించింది. అసిస్ట్‌లు. ఐస్ హాకీలో గోల్ పడితే, దానికి ముందు బిళ్ల అందించినవాడి పేరూ, అవసరమైతే అతనికి అందించినవాడి పేరూ రాస్తారు. గోల్‌కి ఒక పాయింటు, పాస్‌కీ ఒక పాయింటే. రెండూ సమానం! ఈ ముక్క చదివాక నేను కాసేపు మాట్లాడలేదు. మా వాడు గెలిచాననుకున్నాడు.

ఆ లెక్కన చూస్తే లిస్టు తలకిందులైంది. ఒవెచ్కిన్‌కి గోల్స్ కంటే పాసులు తక్కువ. రిచర్డ్‌కీ అంతే, 544కి 421. హోవ్‌కి పాసులు 1049. అందరికంటే పైన ఒక చెక్ మనిషి ఉన్నాడు. యారొమీర్ యాగర్. 766 గోల్స్, 1155 పాసులు. సోవియట్ ట్యాంకులు వాళ్ల దేశంలోకి వచ్చిన 1968 గుర్తుగా వీపు మీద 68 నంబర్ వేసుకుని ఆడేవాడు. అమెరికాలో ఆడటం అయిపోయాక సొంతూరు క్లద్నో జట్టుకి వెళ్లి, యాభై దాటాక కూడా స్కేట్లు విప్పలేదు. "నా లిస్టులో యాగరే ఫస్ట్" అన్నాను.

"అదేం లాజిక్కురా బాబూ! గోల్ కొట్టినోడు గొప్పా, పక్కోడికిచ్చినోడు గొప్పా?"

"ఇచ్చినోడే" అన్నాను. గొంతు కొంచెం ఎక్కువే లేచింది. పక్క గదివాళ్లు గోడ మీద కొట్టారు.

ఎందుకంత కోపమొచ్చిందో వాడికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నా.

మా బడి గ్రౌండుకి ఎడమ వైపు తుమ్మకంప. బంతి అటు పోతే పంచరు, మనిషి పోతే గీరుడు. అందుకే అటు ఎవడూ ఆడడు. సన్నగా ఉన్నానని పీఈటీ సార్ నన్ను అక్కడ నిలబెట్టాడు. కంపకి తగలకుండా, గీత దాటకుండా ఉరకడం అట్లా అలవాటైంది. మా తొమ్మిదో నంబర్ మధ్యలో ఉండేవాడు. వాడి పేరు ఇక్కడ వద్దు. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. వాడు పొద్దున పసుపు కల్లంలో పని చేసి, చేతులు పచ్చగానే బడికొచ్చేవాడు. నేను ఎడమ నుంచి బంతి ఇస్తే, వాడు చూడకుండానే తన్నేవాడు. పదో తరగతిలో బోధన్‌లో టోర్నమెంటుకి పోయి సెమీస్ దాకా వచ్చామంటే అదొక్కటే కారణం.

సెమీస్ రోజు బస్సులో ఒక పుకారు పుట్టింది. స్పోర్ట్స్ స్కూల్ నుంచి ఎవరో వచ్చారు, గోల్ కొట్టినోళ్ల పేర్లే రాసుకుంటరంట అని. నిజమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. సున్నా సున్నా నడుస్తోంది. ఆఖర్లో బంతి నాకొచ్చింది. వాళ్ల బ్యాక్‌ని దాటేశా. తల ఎత్తితే మా తొమ్మిదో నంబర్ గోల్ ముందు ఒక్కడే, చెయ్యెత్తి నిలబడ్డాడు. గోలీ నా వైపున్నాడు. చిన్న పాస్ చాలు. నేను గోల్‌కే కొట్టాను. బంతి పక్క వలకి బయట తగిలింది. పెనాల్టీల్లో ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో వాడు తన మిర్చిబజ్జి సగం తుంపి నా చేతిలో పెట్టాడు. "ఇయ్యకపోతివి రా" అన్నాడు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట తియ్యలేదు. పది అయినంక నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు బస్తాలు ఎత్తాడు. పద్దెనిమిది నిండాక పాస్‌పోర్టు, తర్వాత షార్జా. మా ఊర్లో ఇంటికొకరు అట్లాగే పోతారు. ఆ ఒక్క పాస్‌తో వాడి బతుకు మారేదని నేననను. మారేది కాదు అని కూడా అనలేను.

సరే, హాస్టల్ గదికొద్దాం. మా వాడు చివరి అస్త్రం తీశాడు. "ఇంత మాట్లాడుతున్నావ్, మనోళ్లలో ఒక్క వింగర్ పేరు చెప్పు."

మూడు ఒలింపిక్స్ ఆడిన హైదరాబాద్ ముకేశ్ కుమార్ పేరు చెప్తే, అది గడ్డి మీద హాకీ, ఫార్వర్డ్ అంటే చాలదు అని కొట్టేశాడు. సరే, ఫుట్‌బాల్‌కి వద్దామన్నాను. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకి రావడానికి సైకిల్ అద్దెకు డబ్బుల్లేకపోతే కోచ్ రహీం సాబే సర్దాడట. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం. కుడివైపు పీకే బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమ అంచున బలరాం. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో పోయాడు. గోల్స్ లెక్క దొరుకుతుంది. కానీ ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో పాసులు రాసుకునే గడే లేదు. ఐస్ హాకీవాళ్ల పుస్తకంలో ఉండి ఉంటే బలరాం అంకె ఎంతుండేదో అని నాకు అప్పుడప్పుడూ ఒళ్లు మండుతుంది.

ఇంకో పేరు మా జిల్లాదే. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ దగ్గర తండా పిల్ల. ఇండియా జట్టులో వింగ్ మీద ఉరుకుతుంది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచినప్పుడు జట్టులో ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ తనదే. 1961లో బలరాం కెప్టెన్‌గా లీగ్ గెలిపించింది కూడా ఈస్ట్ బెంగాల్‌నే. అరవై ఏళ్ల తేడాతో, అదే ఎరుపు పసుపు చొక్కా, ఇద్దరూ మనవైపు వాళ్లే. ఇది చెప్పేసరికి మా వాడు నోరు తెరిచాడు. వెంటనే మూసుకుని "అయినా ఒవెచ్కినే ఫస్ట్" అన్నాడు. భీమవరం వాళ్లంతే.

చివరికి రెండు లిస్టులు రాశాం. నాది: యాగర్, హోవ్, 560 గోల్స్‌కి 793 పాసులిచ్చిన గీ లాఫ్లూర్, తర్వాత ఒవెచ్కిన్, బాసీ. రిచర్డ్‌ని ఆరోవాడిగా పెట్టినందుకు వాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఇంటర్నల్స్‌లో ఇద్దరికీ ఎన్నొచ్చాయో అడగొద్దు.

ఆ కాగితం ఫోటో తీసి షార్జాకి పంపాను. ఎందుకు పంపానో కూడా రాశాను. బోధన్ గురించి మొదటిసారి. రెండు రోజులు నీలం టిక్కులు తప్ప ఏం రాలేదు. ఆదివారం రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎవరో మలయాళంలో అరుస్తున్నారు.

"గీ యాగరెవడో నాకు తెల్వది గని, ఇను. ఈడ కేరళ పోరగాండ్లతోని ఆదివారం ఆదివారం ఆడుతున్నం. ఉరుకుతనని నన్ను లెఫ్ట్ వింగ్‌ల ఏసిండ్రు. ఇయ్యాల గోల్ ముంగట ఒకడు చెయ్యెత్తి నిలవడ్డడు రా. నేనే కొట్టిన. మీదికెళ్లి వాయె. గాడికెళ్లి చూస్తె పాస్ ఇయ్యబుద్ధి గాదు రా, నిజంగ."