తీస్తా దిగే దారిలో గురాంస్

రోడోడెండ్రాన్ ఎరికేసీ కుటుంబానికి చెందిన పూల చెట్ల, పొదల ప్రజాతి. లిన్నేయస్ 1753లో దీనికి శాస్త్రీయ నామం స్థిరపరిచాడు. ప్రపంచం మొత్తం మీద సుమారు వెయ్యి జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం హిమాలయాల నుంచి నైరుతి చైనా మీదుగా ఆగ్నేయాసియా దీవుల దాకా పరుచుకున్న కొండల్లోనే పుట్టాయి. కుండీల్లో పెంచే అజేలియాలు కూడా ఈ ప్రజాతిలోనివే. సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో నేపాలీ మాట్లాడేవారు వీటిని గురాంస్ అంటారు. చిన్న రాష్ట్రమైన సిక్కింలో సుమారు 36 జాతులు పెరుగుతాయి. ఆ రాష్ట్రంలోని నీరు దాదాపు అంతా తీస్తా నదిలోకే చేరుతుంది కనుక, ఈ ప్రజాతి ఎక్కడెక్కడ ఏ రూపంలో బతుకుతుందో తెలుసుకోవడానికి తీస్తా ప్రవాహాన్ని మించిన దారి లేదు. నది పై నుంచి కిందికి దిగుతుంది, పూత మాత్రం కింద నుంచి పైకి ఎక్కుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దిగువ అడవుల్లో మొదలైన పూత మంచుకొండల అంచు చేరేసరికి జూన్, జూలై వస్తుంది.

తీస్తా పుట్టుక సిక్కిం ఉత్తరపు కొసన, టిబెట్ సరిహద్దు పక్కన, అయిదు వేల మీటర్లకు పైన ఉన్న సో ల్హామో సరస్సు దగ్గర. అది చలి ఎడారి. చెట్టన్నది లేదు. వాన తక్కువ, గాలి ఎక్కువ, ఏడాదిలో చాలా నెలలు నేల గడ్డకట్టి ఉంటుంది. ఇంత కఠినమైన చోట కూడా రోడోడెండ్రాన్ నివాలే అనే మరుగుజ్జు పొద రాళ్ల సందుల్లో నేలకు అంటుకుని పెరుగుతుంది. దీని ఎత్తు జానెడు, మహా అయితే మూరెడు. ఆకు పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ఎండాకాలపు కొద్ది వారాల్లో ఈ పొద ఊదారంగు పూలు పూస్తుంది. లోకంలో మిక్కిలి ఎత్తున బతికే కలప మొక్కల్లో ఇదొకటి. ఆకుకు రెండువైపులా కంటికి సరిగా ఆనని పొలుసులు కప్పి ఉంటాయి. ఆ పొలుసులు ఆకులోని తేమను గాలికి పోనివ్వవు. ప్రజాతి మొత్తాన్ని రెండు పెద్ద వర్గాలుగా విడదీసేది కూడా ఈ పొలుసులే: పొలుసులున్నవి ఒక వర్గం, లేనివి మరో వర్గం. ఎత్తైన చోట్ల నిలదొక్కుకున్న మరుగుజ్జు పొదలు ఎక్కువగా పొలుసుల వర్గానివి.

నది ఇక్కడ లాచెన్ చు అనే పేరుతో దక్షిణానికి మళ్లి థాంగు వైపు దిగుతుంది. నాలుగు వేల మీటర్ల చుట్టుపక్కల పొదలు మోకాలి ఎత్తుకు, ఆపైన నడుము ఎత్తుకు వస్తాయి. జునిపర్ పొదలతో కలిసి వాలంతా పరుచుకునే ఆంథోపోగాన్ జాతిని స్థానికులు సున్‌పాతే అంటారు. దాని ఆకుల్లో ఘాటైన వాసనగల నూనె ఉంటుంది. ఎండబెట్టిన ఆకులను బౌద్ధ ఆరామాల్లో, ఇళ్లలో జునిపర్‌తో కలిపి ధూపం వేస్తారు. కనుమలు దాటేటప్పుడు వచ్చే తలనొప్పికి ఈ పొదల వాసనే కారణమని కొండ మనుషులు నమ్మేవారని 19వ శతాబ్ది యాత్రికులు రాశారు. అసలు కారణం ప్రాణవాయువు పలచబడటం. అయినా మధ్యాహ్నపు ఎండలో ఆ వాలు మీద కమ్ముకునే వాసన ఎంత గాఢంగా ఉంటుందో ఆ నమ్మకాన్ని బట్టి ఊహించవచ్చు.

థాంగు నుంచి లాచెన్ గ్రామం దాకా నది దాదాపు 1,200 మీటర్లు దిగుతుంది. ఈ కొద్ది దూరంలో ప్రజాతి తన వైభవమంతా చూపుతుంది. పై అంచున లేత పసుపు గంటల్లాంటి పూలతో కాంపైలోకార్పం, దట్టమైన పసుపు గుత్తులతో వైటీ, చిక్కటి ఎరుపుతో థామ్సనీ, ఫుల్జెన్స్ జాతులు వస్తాయి. ఏటా మీద పడే మంచు బరువుకు వీటి కాండాలు కిందివైపుకు వంగి, మళ్లీ పైకి లేచి, ఒకదానిలోకి ఒకటి అల్లుకుని మనిషి దూరలేని తుప్పలుగా మారతాయి. ఇంకా దిగితే ఫర్ చెట్ల నీడలో పెద్దాకు జాతులు కనిపిస్తాయి. హాడ్జ్‌సనీ ఆకు మూరెడు దాకా పెరుగుతుంది. పశువుల కాపరులు వెన్న, జున్ను చుట్టడానికి, అన్నం వడ్డించుకోవడానికి ఆ ఆకు వాడేవారు. దాని కలపతో గిన్నెలు, గరిటెలు, జడల బర్రెల జీనులు చేసేవారు. ఫాల్కనరీ ఆకు అడుగున తుప్పురంగు నూగు దట్టంగా ఉంటుంది. పై మెట్టులో పొలుసులు చేసిన పనిలో కొంత ఇక్కడ నూగు చేస్తుంది.

చలికాలంలో ఈ పెద్దాకు చెట్లు చేసే పని ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థితికి దిగగానే ఆకులు కాడ దగ్గర వాలి, చుట్టలా ముడుచుకుంటాయి. చలి పెరిగినకొద్దీ చుట్ట బిగుస్తుంది, ఎండ తగిలి వెచ్చబడితే విప్పుకుంటుంది. ఆకు గడ్డకట్టినప్పుడు కిరణజన్య సంయోగక్రియ సాగదు. ఆ సమయంలో కొండల మీది తీక్షణమైన వెలుతురు నేరుగా పడితే ఆకు లోపలి పత్రహరిత వ్యవస్థ దెబ్బతింటుంది. ముడుచుకుని వేలాడే ఆకు మీద పడే వెలుతురు తక్కువ, గడ్డకట్టిన కణాలు కరగడం కూడా నెమ్మదిగా జరుగుతుంది. ఆకు రాల్చకుండానే హిమాలయ శీతకాలాన్ని దాటించే ఈ ఏర్పాటు వల్లనే వసంతం రాగానే చెట్టు ఆలస్యం లేకుండా పూతకు సిద్ధంగా ఉంటుంది. పూమొగ్గలైతే ముందటి శరత్తులోనే తయారై ఉంటాయి.

లాచెన్ లోయకు తూర్పున సమాంతరంగా లాచుంగ్ లోయ ఉంది. దాని ఎగువన, 3,500 మీటర్ల ఎత్తులో యుమ్‌థాంగ్ మైదానం. అక్కడ 43 చదరపు కిలోమీటర్ల మేర షింగ్బా రోడోడెండ్రాన్ అభయారణ్యం ఏర్పాటైంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా లోయ అడుగు నుంచి మంచు అంచు వరకు పూత అంచెలంచెలుగా ఎక్కుతుంది. సిక్కిం రాష్ట్ర వృక్షమైన నీవియం ఈ లోయకు చెందినదే. లేత ఆకుల మీద తెల్లటి నూగు, పొగమంచు రంగు కలిసిన ఊదా పూల గుండ్రటి గుత్తులు దీని గుర్తు. అడవిలో ఇది సహజంగా పెరిగే చోట్లు మరీ తక్కువ. లాచుంగ్ ఎగువన యాక్షే దగ్గరి చిన్న వనం వాటిలో ముఖ్యమైనది. ఒక రాష్ట్రం తన వృక్షంగా ఎంచుకున్న జాతి ఇంత చిన్న చోటుకు పరిమితం కావడం ఆందోళన కలిగించే విషయం. వంటచెరకు నరుకుడు, పశువుల మేత, పర్యాటకుల రద్దీ ఈ లోయ మీద నిత్యం ఉండే ఒత్తిళ్లు. నూనె ఉండటం వల్ల పచ్చి కొమ్మ కూడా అంటుకుంటుంది. అందుకే ఇతర కలప దొరకని ఎత్తుల్లో కాపరులకు ముందు చేతికందేది గురాంసే.

లాచెన్ చు, లాచుంగ్ చు కలిసే చోటు చుంగ్‌థాంగ్. తీస్తా అనే పేరు ఇక్కడి నుంచి స్థిరపడుతుంది. 2023 అక్టోబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఎగువన ఉన్న దక్షిణ ల్హోనాక్ హిమానీ సరస్సు కట్ట తెగి, వరద చుంగ్‌థాంగ్ దగ్గరి 1,200 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్టను తుడిచిపెట్టింది. దిగువన వంతెనలు, ఊళ్లు, ప్రాణాలు పోయాయి. ఉత్తర లోయలకు దారి తెగింది. గురాంస్ అడవులు నదీగర్భానికి చాలా ఎత్తున ఉండటం వల్ల వరద వాటిని నేరుగా తాకలేదు. కానీ హిమానీనదాలను కరిగిస్తున్న వేడే ఆ అడవులకూ తగులుతోంది. శీతకాలం వెచ్చగా గడిస్తే సిద్ధంగా ఉన్న మొగ్గలు ముందే విచ్చుకునే ప్రమాదం ఉంది, ఆ తరువాత పడే మంచుకు పూత మాడిపోతుంది. మరీ ఎత్తున ఉన్న మరుగుజ్జు జాతులకు పైకి జరగడానికి ఇంకా మిగిలిన కొండ కొంచెమే.

చుంగ్‌థాంగ్ దాటాక నది లోయను లోతుగా కోసుకుంటూ పోతుంది. మంగన్ దగ్గర ఒడ్డున పెద్ద ఏలకుల తోటలు, సింగ్తం, రంగ్పో దగ్గర సాల అడవులు. ఇక్కడి రోడోడెండ్రాన్లలో అన్నిటికన్నా కిందికి దిగే అర్బోరియం కూడా సుమారు 1,500 మీటర్లకు దిగువన రాదు. సిక్కిం దక్షిణాన నది అంతకన్నా చాలా తక్కువ ఎత్తులోనే ప్రవహిస్తుంది. అందువల్ల ఇక్కడి నుంచి ప్రజాతి నది ఒడ్డు విడిచి, రెండువైపులా ఉన్న కొండల మీదికి, ఉపనదుల ఎగువకు వెళ్లిపోతుంది.

ఆ ఉపనదుల్లో పెద్దది రంగీత్. పశ్చిమ సిక్కింలో పుట్టి, తీస్తా బజారు దగ్గరి త్రివేణి వద్ద తీస్తాలో కలుస్తుంది. దాని పరీవాహకంలో సింగలీలా కొండల మీద 104 చదరపు కిలోమీటర్ల బార్సే రోడోడెండ్రాన్ అభయారణ్యం ఉంది. లాలీ గురాంస్‌గా పిలిచే అర్బోరియం ఇక్కడ పొద కాదు, పది పన్నెండు మీటర్ల చెట్టు. నేపాల్ జాతీయ పుష్పం ఇదే. ఎర్రటి గుత్తులకు వాసన లేదు, మకరందం మాత్రం సమృద్ధిగా ఉంటుంది. పక్షులను పిలిచే పూల లక్షణం ఇది. తేనెపిట్టలు పూలగొట్టంలో ముక్కు పెట్టినప్పుడు పుప్పొడి వాటి తలకు అంటుతుంది. ఈ ప్రజాతిలో పరాగకోశాలు నిలువునా చీలవు, కొసన రంధ్రాలు తెరుచుకుంటాయి. వాటిలోంచి పుప్పొడి రేణువులు జిగురు దారాలతో గుచ్చిన దండలా ఒకేసారి బయటికి వస్తాయి. ఒక్కసారి తాకిన పిట్ట వందల రేణువులను మోసుకుపోతుంది. లాలీ గురాంస్ రేకులు పుల్లగా ఉంటాయి. వాటితో సిక్కింలో మద్యం కాస్తారు, గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే నమలమంటారు.

అన్ని జాతులూ ఇలా నిరపాయమైనవి కావు. చాలా జాతుల ఆకుల్లో, మకరందంలో గ్రయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది నరాల, గుండె కణాల సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. దాంతో రక్తపోటు పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. క్రీ.పూ. 401లో నల్లసముద్రపు తీరాన గ్రీకు సైనికులు అలాంటి తేనె తిని పడిపోయిన సంగతి జెనోఫోన్ రాశాడు. తీస్తా కొండల్లో సిన్నబరీనం జాతిని మేకలు తింటే చస్తాయని, దాని కట్టెల పొగకు కళ్లు, మొహం వాస్తాయని కాపరులకు ఎప్పటి నుంచో తెలుసు.

ఈ కొండల జాతులను ప్రపంచ తోటలకు చేర్చినవాడు ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హూకర్. కొత్త గవర్నర్ జనరల్ డల్హౌసీ బృందంతో కలిసి 1848 జనవరిలో కలకత్తా చేరి, ఆ ఏప్రిల్‌లో డార్జిలింగ్ వచ్చాడు. అక్కడ ప్రకృతి పరిశోధకుడు బ్రయాన్ హాడ్జ్‌సన్ ఇంట ఉంటూ లెప్చా కూలీలు, సేకర్తల సాయంతో తీస్తా లోయలన్నీ తిరిగాడు. ఓక్ చెట్ల కొమ్మల మీద పెరుగుతూ వాటి సారం పీల్చకుండా నాచులో తడిసిన ఆకుపొడితోనే బతికే ఒక జాతికి, తెల్లటి పెద్ద పూలు చూసి, డల్హౌసీ భార్య పేరు పెట్టాడు. స్థానికుల లహరే చిమల్ అదే. హాడ్జ్‌సనీ, ఫాల్కనరీ, థామ్సనీ అన్నీ అతని మిత్రుల పేర్లే. వైటీ అనే పేరు మద్రాసు రాజధానిలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్‌ది. ఆ వైట్ గ్రంథాలకు దక్షిణ భారత వృక్షాల బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు. చెట్లు చూపిన లెప్చాల పేరు మాత్రం ఈ పేర్లలో ఒక్కటీ లేదన్నది కూడా ఇక్కడ చెప్పవలసిందే.

1849 నవంబరులో హూకర్‌ను, డార్జిలింగ్ సూపరింటెండెంట్ క్యాంప్‌బెల్‌ను సిక్కిం దివాను మనుషులు బంధించి, డిసెంబరు చివర విడిచిపెట్టారు. దాన్ని సాకుగా చూపి బ్రిటిష్ ప్రభుత్వం 1850లో సిక్కిం దక్షిణ భూములను కలుపుకుంది. చిత్రకారుడు ఫిచ్ రాతి అచ్చు చిత్రాలతో హూకర్ సిక్కిం రోడోడెండ్రాన్ల గ్రంథం 1849 నుంచి 1851 వరకు మూడు భాగాలుగా లండన్‌లో వెలువడింది. అతను పంపిన విత్తనాలు క్యూ తోటలో మొలిచాయి. వాటిలో గ్రిఫితియానం, థామ్సనీ లెక్కలేనన్ని సంకరజాతులకు జన్మనిచ్చాయి. 1901లో ససెక్స్‌లో ఎడ్మండ్ లోడర్ రూపొందించిన సువాసనగల లోడెరీ రకాలకు తల్లిదండ్రులలో ఒకటి తీస్తా కొండల గ్రిఫితియానమే.

సెవోక్ దగ్గర కరోనేషన్ వంతెన కింద తీస్తా కొండలు వదులుతుంది. జల్పాయ్‌గుడి మైదానంలో గురాంస్ లేదు. ఈ ప్రజాతికి చల్లదనం, ఆమ్లగుణంగల నేల, ఎప్పుడూ తేమ ఉన్నా నీరు నిలవని ఆకుపొడి కావాలి. వేళ్లు సన్నగా, నేల పైపొరలోనే ఉంటాయి. ఒండ్రు మట్టిలో నీరు నిలిస్తే కుళ్లిపోతాయి, వేసవి వేడికి ఎండిపోతాయి. హైదరాబాదు నర్సరీల్లో కొన్న అజేలియాలు ఎక్కువకాలం నిలవకపోవడానికీ ఇవే కారణాలు. తెలుగు నేల మీద ఈ ప్రజాతి సహజంగా పెరిగే చోటు లేదు. గంగా మైదానం, దక్కన్ పీఠభూమి అంతా దాటాక నీలగిరి, పళని వంటి దక్షిణపు ఎత్తైన కొండల మీద అర్బోరియంలోని ఒక ఉపజాతి మళ్లీ కనిపిస్తుంది.

1787 వరదకు ముందు తీస్తా దక్షిణానికి పారి గంగ వైపు వెళ్లేది. ఆ ఏడు దారి మార్చుకుని ఆగ్నేయంగా తిరిగి, నేటి బంగ్లాదేశ్‌లో చిల్మారీ ప్రాంతాన బ్రహ్మపుత్రలో కలుస్తోంది. ఆ బ్రహ్మపుత్రకు నీరిచ్చే అరుణాచల్ కొండల్లో రోడోడెండ్రాన్ జాతులు సిక్కింలోకన్నా ఎక్కువ.