అక్కయ్యతో గుట్టకు

కాశీ రామేశ్వరములను గూర్చియు, సముద్రములకావలి దేశములను గూర్చియు మీరు పెక్కు యాత్రావ్యాసములు చదివియుందురు. మేము చెప్పబోవునది మిక్కిలి చిన్న యాత్ర. నాచారమునుండి ఉప్పలు, ఉప్పలునుండి యాదగిరిగుట్ట. ఉదయము బయలుదేఱి దీపాలవేళకు ఇల్లు చేరవచ్చును. అట్టి ప్రయాణమునకు మా యింట రెండేండ్లు పట్టెను.

రెండేండ్ల క్రిందట మా యక్కయ్యకు పురీషనాళమున కేన్సరు పుట్టి శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. వైద్యులు వ్యాధి సోకిన భాగమును తీసివైచి, పెద్దప్రేవు కొనను కడుపుమీద ఎడమప్రక్కకు తెచ్చి కుట్టిరి. ఆ ద్వారమును స్టోమా యందురు. మలము ఇక నా దారినే వెడలును. దాని నాపుకొనుటకు కండరము లేదు గావున, చర్మమునకు అంటుకొనియుండు నొక సంచిని ఎల్లప్పుడును ధరింపవలెను.

ప్రాణము దక్కినది, వ్యాధియు తొలగినది. అయినను అక్కయ్య గడప దాటుట మానెను. ఒక బంధువుల పెండ్లిలో, పంక్తిలో కూర్చుండియుండగా సంచి యంచు ఊడి చీర పాడయ్యెను. ఆమె ఎవరితోను చెప్పక లేచిపోయి, కారు తలుపులు వేసికొని సాయంకాలమువఱకు అందులోనే కూర్చుండెను. నాటినుండి పేరంటము లేదు, బతుకమ్మ లేదు. బొట్టుపెట్టి పిలువవచ్చినవారికి "ఒంట్ల మంచిగ లేదు" అన్న మాటయే సమాధానము.

మా నాచారము కార్ఖానాల పేట. కూలినాలి జనులకు పెద్ద అండయగు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఇచ్చటనే కలదు. ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో వెలసినదియు ఈ పేటయందే. ఆయన ధర్మపత్ని బసవతారకమ్మగారు కేన్సరు వ్యాధితోనే గతించిరి. ఆమె పేర బంజారాహిల్సున 2000వ సంవత్సరమున కేన్సరు ఆసుపత్రి ప్రారంభమయ్యెను. ఆ యిల్లాలి పేరు నగరమంతయు ఎఱుగును. ఆ వ్యాధి పేరు పలుకవలసినపుడు మాత్రము మన యిండ్లలో నేటికిని గొంతు తగ్గింతుము. ఇక కడుపుమీది సంచి మాట చెప్పవలెనా!

అక్కయ్యను మరల చూపించుటకు తీసికొనిపోయినపుడు, స్టోమా సంరక్షణ నేర్పు నర్సు మాకొక కథ చెప్పెను. డెన్మార్కు దేశమున ఎలీసె సోరెన్‌సెన్ అను నర్సు యుండెను. ఆమె తోబుట్టువు థోరాకు ఇట్టి శస్త్రచికిత్సయే జరిగెను. ఎచ్చట కాఱిపోవునో యను భయముతో థోరా నలుగురిలోనికి వచ్చుటకు జంకుచుండెను. తోబుట్టువు దుఃఖము చూడలేక ఎలీసె 1954లో చర్మమునకు అంటుకొని, వాడిన పిమ్మట పాఱవేయదగిన సంచి నొకదానిని కల్పించెను. దానిని తయారుచేయుటకు ప్లాస్టికు వ్యాపారి యొకడు మొదట వెనుకాడగా, తానును నర్సయిన ఆయన భార్య పట్టుబట్టి ఒప్పించెనట. నేడు లోకమంతట లక్షలమంది ధరించు సంచులకు మూలమిదియే. 

అక్కయ్య చాలసేపు మాటాడలేదు. పిమ్మట "మరి ఆమె బయటకు పోయిందా?" అని యడిగెను. నర్సు నవ్వి "పోవడానికే కదమ్మా సంచి చేసింది!" అనెను.

మొదట ఆశ్వయుజమున సద్దుల బతుకమ్మకు బయలుదేఱదీసితిమి. లంగా బొందు స్టోమామీద ఒత్తకుండ కొంచెము పైకి కట్టించితిమి. ఇట్టి శస్త్రచికిత్స అయినవారు బరువులెత్తినచో ప్రేవు జాఱు భయము కలదు గావున, బతుకమ్మను కూతురు తలకెత్తుకొనెను. అక్కయ్య చప్పట్లు చఱచుచు వలయములో తిరిగెను. మూడు చుట్లు తిరిగి ఇంటికి పోవుదమన్న మనిషి, చెరువున పూవులు సాగనంపువఱకు కదలలేదు.

ఆ ధైర్యముతో కార్తికమున గుట్టకు పోవ నిశ్చయించితిమి. అపుడామె మనసులో ముల్లు బయటపడెను. "ఇది కట్టుకొని గుడిలోకి పోవచ్చునా?" అని మా పెద్దమ్మ నడిగెను. మడి ఆచారములలో ఎవరికిని తీసిపోని పెద్దమ్మ ఇట్లనెను: "అందరం కడుపుల మోసేదే నువ్వు కడుపు మీద మోస్తున్నవు బిడ్డా. దేవునికి తెల్వదా?" ఆ రాత్రియే అక్కయ్య తన చేతిసంచి సర్దుకొనెను.

ఆ చేతిసంచిలో ఏమేమి యుండెనో చెప్పెదము, అక్కఱగలవారికి పనికివచ్చును. కావలసినదానికి రెండింతల సంచులు, వాని రంధ్రములు ఇంటియొద్దనే కొలతకు కత్తిరించినవి. మెత్తని గుడ్డలు, నీళ్లసీసా, పాతసంచి చుట్టిపెట్టుటకు కవర్లు, మారుచీర. ఎండలో నిలిపిన బండిలో వీనిని వదలరాదు. వేడికి జిగురు చెడును. సంచి మూడవవంతు నిండగనే ఖాళీ చేయవలెను. ముందునాడు వాయువు పుట్టించు చిక్కుళ్లు, క్యాబేజీ తగ్గించిన మేలు. చిన్నప్రేవునకు స్టోమా యున్నవారికి నీరును ఉప్పును ఎక్కువగా పోవును గనుక, ఉప్పువేసిన మజ్జిగ వెంటనుంచుకొనవలెను. విమానమెక్కువారు సామగ్రిని చేతిసంచిలోనే ఉంచుకొని, కత్తెరను పెద్దపెట్టెలో వేయవలెను. అన్నిటికంటె ముఖ్యము, విషయ మెఱిగిన తోడు ఒకరు. 

నాచారమునుండి ఆటోలో ఉప్పలు చౌరస్తాకు చేరితిమి. ఉప్పలు కలాన్ అని పాతకాగితములలో కనబడు ఆ గ్రామము నేడు నగరపు తూర్పు వాకిలి. 2017లో మెట్రో రైలు వచ్చెను. 2023లో చౌరస్తాపై పాదచారుల ఆకాశవంతెన తెఱచిరి. మెట్లెక్కలేని వారికి లిఫ్టులున్నవి. పైనిలిచి చూచిన వరంగల్లు దారిన పోవు బస్సులు చీమలబారువలె నుండును. అక్కయ్య అచ్చట నిలిచి "ఇదంతా ఎప్పుడు కట్టిన్రు?" అని యడిగెను. ఆమె యింటికి రెండు మైళ్లయినను లేని చోటది!

ఉప్పలునుండి గుట్ట సుమారు 50 కిలోమీటర్లు. ఘటకేసరు, బీబీనగరు దాటగా, ఒకే రాతికొండపై భువనగిరి కోట కనబడెను. 2022 మార్చిలో పునఃప్రారంభమైన గుట్టమీది ఆలయము నల్లరాతి గోపురములతో వెలుగుచుండెను. ఇచ్చటి స్వామిని వైద్య నరసింహుడని జనులు కొలుతురు. రోగపీడితులు నలువది దినము లిచ్చట నుండి ప్రదక్షిణములు చేయు వాడుక గలదు. బాధపడు దేహముతో ఈ గడప తొక్కినవారిలో మా యక్కయ్య మొదటిది కాదు.

వరుసలో నిలిచియుండగా స్టోమా చిన్నగా చప్పుడు చేసెను. మా గుండె జల్లుమనెను. అక్కయ్య మాత్రము చీరకొంగు సవరించుకొనునట్లు ముంజేయి దానిపై అదిమి, ముందున్న ముసలమ్మతో మాటలాడుచునే యుండెను. ఎవరును వెనుదిరిగి చూడలేదు.

తిరిగి ఉప్పలు చేరుసరికి ప్రొద్దు గ్రుంకెను. చౌరస్తా సందడిలో ఆటోకై నిలిచియుండగా అక్కయ్య అడిగెను: "మొన్న బొట్టుపెట్టి పోయిన్రు గదా, ఆ పెండ్లి ఏ రోజు?"